మూడో బోరు, తొమ్మిది మీటర్లు

నర్సింగం చేతులు మంచివని సూరత్‌లోని ఉధ్నాలో అతన్ని ఎరిగినవాళ్లంతా అనేవారు. పదహారేళ్ల వయసులో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి లింగమూర్తి వెంట సూరత్ వచ్చాడు. పదిహేడేళ్లు పవర్‌లూముల మధ్య నిలబడ్డాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి సగం పోయింది కానీ, పోగు తెగబోతున్న సంగతి కళ్లకంటే ముందు అతని వేళ్లకు తెలిసేది. పని నేర్పింది లింగమూర్తే. ఊళ్లు పక్కపక్కవే గనక అన్నా అని పిలిచేవాడు, చివరికి అదే చుట్టరికమైంది.

వాళ్ల కార్ఖానా మూతపడిన ఏడాది నర్సింగం బోర్లు వేసే గుంపులో కూలీగా చేరాడు. నీళ్ల కోసం వేసే బోర్లు కావవి. పెద్ద భవనం కట్టబోయే చోట నేలలోకి దిగి, లోపలి మట్టిని చెదరకుండా ఇనుప గొట్టాల్లో పైకి తీసే పని. ఆ గొట్టాలు కిరీట్‌భాయ్ నడిపే మట్టి పరీక్షల ల్యాబుకు వెళ్లేవి. ఒకరోజు పరీక్ష చేసే మనిషి రాకపోతే నర్సింగం తానే ఒక మట్టిముద్దను సన్నని తీగతో చెక్కి నిలబెట్టాడు. అది చూసిన కిరీట్‌భాయ్ మర్నాటి నుంచి అతన్ని లోపలి పనికి పెట్టుకున్నాడు.

అక్కడ పన్నెండేళ్లు గడిచాయి. గొట్టంలోంచి మట్టిని నెట్టడం, పెద్ద టార్చిలైటు బ్యాటరీ అంత ముద్దగా చెక్కడం, రబ్బరు తొడుగు వేసి నీళ్లు నింపిన పాత్రలో నిలబెట్టడం. చుట్టూ నీళ్లు ఒత్తుతుంటే పైనుంచి మిషను ఒత్తుతుంది. మట్టి లొంగిపోయేదాకా ముల్లు చూసి అంకెలు రాయాలి. ఎంత ఒత్తిడికి లొంగిందో అదే ఆ మట్టి బలం.

ఆ అంకెలు ఎక్కడికి పోతాయో నర్సింగానికి చాలాకాలం తెలియదు. మైథిలి వచ్చాక తెలిసింది. కాకినాడ అమ్మాయి, సూరత్‌లోనే ఎంటెక్ చదివి ల్యాబులో ఇంజినీరుగా చేరింది. ఒక మధ్యాహ్నం అతన్ని పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద నేలను నిలువునా కోసినట్టు ఒక బొమ్మ ఉంది. బొమ్మంతా చిన్న చిన్న త్రికోణాలు, చేపల వలలా. పొరకో రంగు.

"నిజంగా తవ్వేముందు ఇందులో తవ్వి చూస్తామండీ" అంది మైథిలి. "గుంత గోడ ఎంత జరుగుతుందో, పక్క ఇల్లు ఎంత కుంగుతుందో చెప్తుంది. కానీ మట్టి ఎలాంటిదో దీనికి తెలీదు. మీరు రాసిందే నమ్ముతుంది."

ఆ సాయంత్రం నర్సింగం భార్య కనకవ్వకు ఈ మాట రెండుసార్లు చెప్పాడు. తన చేతి రాత కంప్యూటర్ నమ్ముతుందంటే అతనికి నిజంగా సంతోషమైంది.

రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్ నెల వచ్చింది. రెండోసారి లేచిన కరోనా ఊరిని కమ్మేసింది. అంబులెన్సుల కూత వినపడని గంట లేదు. ల్యాబులో మిగతా ఇద్దరూ ఊళ్లకు పోయారు, మైథిలి ఇంటి నుంచి పని చేస్తోంది. ఉన్నది నర్సింగం ఒక్కడే. ఆ రోజుల్లోనే ఉధ్నా చివర ఒక స్థలం పని వచ్చింది. నేల కింద రెండు అంతస్తులు, పైన దుకాణాలు కట్టే భవనం. ఏడు మీటర్ల లోతు తవ్వాలి. స్థలంలో మూడు బోర్లు వేశారు. మూడోది ఒక మూలన, పన్నెండు అద్దె గదుల వరస పక్కన వేశారు. ఆ వరసలో ఆరో గది లింగమూర్తిది. ముసలి తల్లి ఐలమ్మ, భార్య, అతను అందులోనే ఉంటారు.

ఆ రోజు పొద్దుటి నుంచే నర్సింగానికి ఒళ్లు కాలుతోంది. రిపోర్టు ఆలస్యమైందని కిరీట్‌భాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడో బోరులో తొమ్మిది మీటర్ల లోతు నుంచి వచ్చిన గొట్టం ఆ రోజుకు ఆఖరుది. నెట్టగానే నల్లటి మట్టి బయటికి వచ్చింది. పాత ఖాడీ, అంటే మురుగు పారే వాగు, వాసన వేసింది. అరచేతిలో పెట్టుకుంటే పెరుగులా జారిపోతోంది. ఇది మిగతా మట్టిలాంటిది కాదని వేళ్లకు తెలిసిపోయింది. చెక్కబోతుంటే చేతులు వణికి ముద్ద నేల మీద పడి చితికింది. గొట్టంలో మిగిలింది కూడా నిలబడలేదు.

మట్టి చెడిపోయిందని రాసి, మరో గొట్టం తీసి మళ్లీ మొదలుపెట్టాలి. నర్సింగానికి నిలబడే ఓపిక లేదు. కళ్లు మసకలు కమ్ముతున్నాయి. ఎదురుగా కాగితంలో రెండో బోరు, తొమ్మిది మీటర్లు, ముప్పై ఆరు అని ఉంది. మూడో బోరు ఎదురుగా ముప్పై నాలుగు అని రాశాడు. రేపు వచ్చి సరిగా చేసి దిద్దుతాననుకున్నాడు.

మర్నాడు ఊపిరి అందలేదు.

ఆసుపత్రిలో మంచం దొరకడమే గగనమైన రోజులవి. కిరీట్‌భాయ్ పదిమందికి ఫోన్లు చేసి ఒకటి ఇప్పించాడు. నర్సింగం పంతొమ్మిది రోజులు అక్కడే ఉన్నాడు. అటు పక్క మంచం మూడుసార్లు ఖాళీ అయింది, ఇటు పక్కది రెండుసార్లు. కనకవ్వను లోపలికి రానివ్వలేదు. ఒక నర్సు గంటగంటకూ వచ్చి వేలికి క్లిప్పు పెట్టి, అంకె చూసి, కాగితంలో రాసుకునేది. ముసుగు వెనక ఆమె కళ్లు నిద్రలేక వాచిపోయి ఉండేవి. ఈసారి ఈమె చూడకుండా పాత అంకే రాసేస్తే తన గతేమిటని నర్సింగానికి ఒకరోజు భయం పుట్టింది. ఆమె చూసే రాసింది. ఎప్పుడూ చూసే రాసింది. కానీ ఆ భయం పుట్టిన క్షణంలోనే ముప్పై నాలుగు అతనికి గుర్తొచ్చింది. ఆక్సిజన్ మాస్కు కింద ఎవరికైనా చెప్పాలన్నా నోరు పెగిలే స్థితి కాదు.

జూన్ మొదటివారంలో మళ్లీ పనికి వెళ్లాడు. ఆటో ఆ స్థలం మీదుగానే పోయింది. ఆకుపచ్చ గుడ్డ కట్టిన కంచె వెనక పొక్లెయిన్ చెయ్యి లేస్తూ దిగుతూ ఉంది. తవ్వకం మొదలైపోయింది. గుంత అంచు వెంబడి పైల్స్ అనే కాంక్రీటు స్తంభాలను నేలలోకి వరసగా దింపి గోడలా నిలిపారు. దాని వెనక నాలుగు అడుగుల సందు, ఆ సందు వెనక లింగమూర్తి గదుల వరస.

ల్యాబులో రిపోర్టు తిరగేశాడు. ముప్పై నాలుగు అచ్చులో ఉంది. గోడ లోతు, పైల్స్ లావు, అన్నీ ఆ అంకెల మీదే కట్టారు. వెనక గదిలో మూడో బోరుదే ఇంకో గొట్టం ఉంది. పదిన్నర మీటర్లది, మైనం సీలు విప్పనిది. తలుపు దగ్గరికి వేసుకుని దాన్ని పరీక్ష చేశాడు. అదే నల్లటి మట్టి చప్పుడు లేకుండా పొట్ట ఉబ్బి కుంగిపోయింది. పద్నాలుగు. అదే గొట్టంలోంచి మరో ముద్ద తీసి మళ్లీ చేశాడు. పదమూడు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది. ప్రాణం నిలబెట్టిన కిరీట్‌భాయ్ పేరు పోతుంది. పోలీసులు కూడా రావచ్చు. చెప్పకపోతే ఏమవుతుందన్న దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆగిపోయేది. అన్నం సగం కంచంలోనే వదిలేస్తున్నాడు. జబ్బు తిరగబెట్టిందేమోనని కనకవ్వ నుదురు పట్టి చూసింది. అప్పుడు చెప్పేశాడు. ఆమె కంచం తీసి పక్కన పెట్టింది.

"గా రూములల్ల ఐలమ్మ పెద్దమ్మ ఉన్నది గద" అంది.

మర్నాడు పొద్దున్నే మైథిలి ఎదుట నిలబడి జరిగినదంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. ముద్ద ఎప్పుడు పడింది, రంగేమిటి, వాసనేమిటి, తర్వాత చేసిన రెండు పరీక్షల కాగితాలు ఎక్కడ అని మాత్రం అడిగింది.

"రెండు బోర్లలో ఒకే లోతున అంత దగ్గరి అంకెలు వచ్చినప్పుడు నేను అడగాల్సింది" అంది. "పాత మ్యాపులో ఆ మూలన ఖాడీ ఉంది. చూసి కూడా ఊరుకున్నాను."

ఆ మూల బొమ్మ తెరిచింది. ముప్పై నాలుగు తీసేసి పదమూడు పెట్టింది. కంప్యూటర్లో అంచెలంచెలుగా తవ్వకం మొదలైంది. నర్సింగం వెనక నిలబడి చూశాడు. మొదటి అంచెలో రెండు మీటర్లు, గోడ కదల్లేదు. రెండో అంచెలో మూడున్నర, గోడ రెండు వేళ్ల మందం లోపలికి వచ్చింది. మూడో అంచెలో ఐదు మీటర్లు. గోడ అడుగున ఎర్రరంగు పుట్టి, గుంత కింది నుంచి గదుల కిందికి వంపు తిరిగి పాకింది. నాలుగో అంచె నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయింది. మైథిలి మళ్లీ నడిపింది. అక్కడే ఆగింది.

"ఆగిందంటే ఏంది మేడం?"

"నేల నిలబడే దారి దానికి దొరకలేదని."

మైథిలి సైటు సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది. ఆ మూలన ఈ పొద్దుటికి ఐదు మీటర్లు దిగామని, వానలు ముదిరేలోపు అడుగు చేరుకోవాలని అతను ఉత్సాహంగా చెప్పాడు. కిరీట్‌భాయ్ సంగతంతా విని ముఖం తుడుచుకున్నాడు. నర్సింగం వైపు ఒకసారి చూశాడు. బిల్డరుకు ఫోన్ మీద ఫోన్ చేస్తూ, మీరిద్దరూ వెంటనే సైటుకు వెళ్లండని చెయ్యి ఊపాడు.

వాళ్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. పొక్లెయిన్ మూలలోనే ఉంది. గోడ బ్రహ్మాండంగా ఉందని సూపర్‌వైజరు చేత్తో తట్టి చూపించాడు. మైథిలి అతన్ని వదిలి మిషను నడిపే మనిషిని పిలిచి, కింద ఏమైనా తేడాగా ఉందా అని హిందీలో అడిగింది. అతను కొంచెం జంకి, పొద్దున చదును చేసిన గుంత అడుగు ఇందాక చూస్తే మళ్లీ మూరెడు పైకి ఉబ్బి ఉందని చెప్పాడు. వానకేమో అనుకున్నాడట. అతను చూసేసరికి వాన ఇంకా పడనేలేదు. సూపర్‌వైజరు గోడ మీంచి చేయి తీసేశాడు. తవ్విన మట్టినంతా వెనక్కి నెట్టి గోడ పాదానికి ఒత్తుగా పోయమని మైథిలి చెప్పింది. నర్సింగాన్ని గదుల వైపు పంపింది.

లింగమూర్తి గడప మీద కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా తలుపు పట్టుకుపోయి మూసుకోవడం లేదని దాన్ని చిత్రిక పడుతున్నాడు. ఆ తలుపు ఎందుకు పట్టుకుందో నర్సింగానికి చూడగానే అర్థమైంది.

"అన్నా, అందర్ని తోలుకోని బయటికి రాండ్రి. గోడ జరుగుతున్నది."

లింగమూర్తి నవ్వాడు. "గంత లావు పిల్లర్లు ఏసిండ్రు. కంప్యూటర్ల లెక్క జూసి కట్టిండ్రట. నీకు బీమారైనంక భయం ఎక్కువైంది తమ్మీ. గీ కరోనల ముసల్దాన్ని పట్టుకోని యాడికి పోవాలె?"

"గా లెక్కల ఉన్న అంకె నాదే అన్నా. నేనే తప్పు రాసిన."

లింగమూర్తి చిత్రిక ఆపాడు.

"మట్టి కింద పడ్డది. జ్వరంల ఉంటి. పక్క బోరుది జూసి రాసిన. మొన్న మల్ల జేస్తే సగం గూడ రాలే."

లింగమూర్తి చూపు నర్సింగం ముఖం మీద ఉన్న ఆ కొద్దిసేపూ, కొట్టినా బాగుండుననిపించింది నర్సింగానికి. తర్వాత అతను లేచి, వరసలో తలుపులన్నీ అరచేత్తో బాదుకుంటూ పోయాడు. జనం బయటికి వచ్చారు. కొందరు గొణిగారు, ఒకామె పొయ్యి మీది కూర దింపి వస్తానని లోపలికి పోబోతే లింగమూర్తి రెక్క పట్టుకుని లాగాడు. ఐలమ్మను మంచంతో సహా నలుగురు ఎత్తుకున్నారు. అందరూ మార్కండేయ గుడి హాలుకు నడిచారు. ఇంతమంది ఒకచోట ఉంటే జబ్బు అంటుకుంటుందని అక్కడి కాపలాదారు మొదట గేటు తీయలేదు. ఐలమ్మ మంచం వానలో ఆగి ఉండడం చూసి వరండా వరకూ రానిచ్చాడు.

అక్కడ తలలు లెక్కపెడితే ఒక మనిషి తగ్గాడు. పన్నెండో గది రాములు, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాడు. లూముల చప్పుడుకు అలవాటుపడిన చెవులు, పైగా దూది పెట్టుకుంటాడు. నర్సింగం వెనక్కి పరుగెత్తాడు. నెల కిందటిదాకా మంచం మీద ఉన్న ఛాతీ, పది అడుగులకే గాలి చాలక మండింది.

పన్నెండో గది లోపల గడియ పెట్టి ఉంది. తలుపు బాదాడు, పిలిచాడు, తన్నాడు. గోడ లోపల ఎక్కడో సన్నగా చిటచిటమంటోంది. సరిగా వినపడని చెవికి కూడా అది వినపడింది. కిందికి చూస్తే గడప ముందు సిమెంటు మీద వెంట్రుకంత గీత ఉంది. చూస్తుండగానే అందులో వేలు పట్టేంత సందు పడింది. పారిపోవాలని కాళ్లు లాగాయి. పక్కనున్న ఇటుక తీసి కిటికీ అద్దం మీద కొట్టాడు. లోపల రాములు ఉలిక్కిపడి లేచి, తిట్టుకుంటూ గడియ తీశాడు. నర్సింగం అతని బనీను పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఇద్దరూ సందు మొదటికి చేరి వెనక్కి చూసేసరికి పన్నెండో గది వెనక గోడ కూర్చున్నట్టుగా కిందికి దిగిపోయింది. దాని వెంట పదకొండు, పది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. ధూళి లేచి వానకు అణిగింది. పైల్స్ గోడ ఆ మేరకు గుంతలోకి వాలి, కింద పోసిన మట్టి మీద ఆనుకుని ఆగింది.

మూడు గదులతో పోయింది. అప్పటికి మట్టి నెట్టకపోయి ఉంటే వరసంతా పోయేదని తర్వాత చూడవచ్చిన మున్సిపాలిటీ ఇంజినీరు అన్నాడు. అతని ముందు కూడా నర్సింగం ఉన్నదున్నట్టు చెప్పాడు. మట్టి చెదిరిందని మాత్రమే రాద్దామని కిరీట్‌భాయ్ బతిమాలినా, పరీక్ష చేయకుండా అంకె వేశారని మైథిలి కొత్త రిపోర్టులో రాసింది. ఆ అంకెను సరిచూడలేదని కింద తన పేరూ రాసుకుంది. కొంతకాలం ఇంట్లో ఉండమని కిరీట్‌భాయ్ నర్సింగానికి చెప్పి పంపాడు.

ఆ కొంతకాలం ఐదు నెలలు సాగింది. ఫోన్ మోగితే పోలీసులేమోనని ఉలిక్కిపడేవాడు. వాన పడితే కనకవ్వ వద్దంటున్నా గొడుగు పట్టుకుని మిగిలిన ఆ గదుల దాకా పోయి పగుళ్లు చూసి వచ్చేవాడు. దారిలో తెలిసినవాళ్లు పలకరిస్తే వాళ్లకు సంగతి తెలిసిందేమోనని ముఖాలు వెతికేవాడు. బస్తీలో ఎవరికీ తెలియలేదు. తెలిసింది లింగమూర్తికి. అతను ఎవరితోనూ అనలేదు, నర్సింగంతో మాట్లాడనూ లేదు. ఇంటివాళ్లను తీసుకుని సూరత్ దగ్గరి పల్సానాలో లూముల పని చూసుకుని వెళ్లిపోయాడు.

దీపావళి దాటాక కిరీట్‌భాయ్ కబురు చేశాడు. కొత్తగా పెట్టుకున్న మనిషికి మెత్తటి మట్టి చెక్కడం రాలేదట. నర్సింగం వెళ్లాడు కానీ తీగ పట్టుకోగానే మళ్లీ కింద పెట్టేశాడు. ఏ పరీక్ష చేసినా ముల్లు చూడడానికి పక్కన ఇంకొకరు ఉండాలని అడిగాడు. మొదట్లో మైథిలే వచ్చి నిలబడేది. ఇక అక్కర్లేదులెండి అని ఆమె అన్నాక కూడా, కాగితం మీద రెండో సంతకం లేకుండా ఒక్క అంకెనూ బయటికి పంపలేదు. మట్టి చేయి జారితే జారిందని రాసేవాడు. అలా రాసినప్పుడల్లా కిరీట్‌భాయ్ విసుక్కునేవాడు, కానీ రాయవద్దని మాత్రం అనేవాడు కాదు.

మరుసటి ఎండాకాలంలో ఒక ఆదివారం లింగమూర్తి నర్సింగం ఇంటికి వచ్చాడు. ఐలమ్మ చలికాలంలో పోయిందని, నిద్రలోనే పోయిందని చెప్పాడు. కనకవ్వ చాయ్ పెట్టింది. చాలాసేపు పల్సానా ఎండల గురించి, కరెంటు కోతల గురించి మాట్లాడుకున్నారు.

"మల్ల గా మట్టి పనే చేస్తున్నవా?" అని అడిగాడు లింగమూర్తి.

"అదే చేస్తున్న అన్నా."

"భయమైతలేదా?"

"అయితది. దినాం అయితది."

లింగమూర్తి తల ఊపి గ్లాసు కింద పెట్టాడు. నాలుగింటికి పల్సానా బస్సుంది. నర్సింగం చెప్పులేసుకుని అతనితోపాటు స్టాండు దాకా నడిచాడు.